కంప్యూటరు మేలుకొలుపు

కంప్యూటరు మీట నొక్కినది మొదలు తెరమీద మన పేరడుగు పెట్టె కనబడువఱకు పట్టు కాలము స్వల్పము. అర నిమిషము, మందకొడి యంత్రమైనచో రెండు నిమిషములు. ఆ కాలమున మనము కుర్చీ సరిచేసికొందుము, కాఫీ గ్లాసు పక్కకు జరుపుకొందుము. లోపల మాత్రము ఒక పెద్ద యిల్లు తెల్లవాఱుజామున మేలుకొన్నట్లు, ఒకరి వెంట నొకరుగా ఎందఱో పనివాండ్రు లేచి తమ తమ చోట్లకు పోవుచుందురు. వారిలో ఎవరిని లేపవలెను, ఎవరిని నిద్రపోనీయవలెను, ఎవరు లేచిన పిమ్మట ఎవరు లేవవలెను అను జాబితా యొకటి యంత్రములోనే వ్రాసియుండును. ఆ జాబితాను గుఱించియే నేను నేడు మాటలాడదలచితిని.

కంప్యూటరు వాడువారిలో పెక్కుమంది ఇట్టి జాబితా కలదనియే యెఱుగరు. ఎఱుగకపోయినను చాల దినములు గడచిపోవును. గడవని దినమొకటి వచ్చును. ఆ దినమున నేమగునో కొంతసేపటిలో చెప్పెదను. ముందుగా మేలుకొలుపు క్రమమును తెలిసికొందము.

మీట నొక్కగానే మొదట లేచునది మదరుబోర్డుమీది చిన్న చిప్పులో స్థిరముగా వ్రాసియుంచిన ప్రోగ్రాము. అది తన కాలుసేతులు సరిగా నున్నవా యని తడవి చూచుకొని, డిస్కుమీది బూటు లోడరును పిలుచును. బూటు లోడరు కెర్నెలును, అనగా యంత్రమునకు ప్రాణమువంటి మూల ప్రోగ్రామును, మెమరీలోనికి తెచ్చి విడిచిపెట్టును. కెర్నెలు తన యేర్పాట్లు ముగించుకొని, మన పనులకై ఒకే యొక ప్రోగ్రామును స్వయముగా లేపును. దాని సంఖ్య 1. దీనిని ఇనిట్ అనుట పూర్వాచారము. నేడు చాల లైనక్సు యంత్రములలో ఆ పీఠముమీద కూర్చున్నది సిస్టమ్‌డీ. మిగిలినవారి నందఱను లేపు భారము ఇతనిది. ఇతడు గాని చచ్చెనా, కెర్నెలు ఇక చేయగలిగినది లేక యంత్రము నచ్చటనే నిలిపివేయును. విండోసు యంత్రములందును, మాకింటోషులందును ఇట్టి యేర్పాటే వేఱు పేరులతో నున్నది. నాకు బాగుగా తెలిసినది లైనక్సు గనుక ఆ భాషలోనే చెప్పుదును.

ఇక సర్వీసు అనగా నేమి? మనము తెఱచి, వాడుకొని, మూసివేయు ప్రోగ్రాములు కొన్ని కలవు. లేఖలు వ్రాయునది, చిత్రములు చూపునది అట్టివి. ఇవిగాక తెరమీద మొగము చూపకుండ, పిలుపుకొఱకు చెవియొగ్గి కూర్చుండు ప్రోగ్రాములు కొన్ని యున్నవి. గడియారమును లోకపు కాలముతో సరిచూచునది ఒకటి, దూరమునుండి వచ్చువారికి తాళము తీయు ఎస్‌ఎస్‌హెచ్ ఒకటి, అచ్చుపని చూచు కప్స్ ఒకటి, లెక్కలను భద్రపఱచు డేటాబేసు ఒకటి. ఇట్టివానిని ఆంగ్లమున డీమన్ అందురు. 1963 ప్రాంతమున మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయములోని ప్రాజెక్టు మాక్ వారు, భౌతికశాస్త్రజ్ఞుడు మాక్స్‌వెల్ ఊహించిన అణువులను వేఱుచేయు భూతమును తలచుకొని ఈ పేరు పెట్టిరి. మన కథలలోని భూతమునకు పని చెప్పకున్న యజమానినే మ్రింగవచ్చును. ఈ భూతములు అట్టివి కావు. పని లేనపుడు ఊరక కూర్చుండును. ఐనను ఊరక కూర్చున్న భూతమువలనను కొంత భయము కలదు. దాని మాట తరువాత.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక చిన్న యాసుపత్రివారు నాకు కబురు చేసిరి. వారి పేరుతో మనకు పనిలేదు. రోగుల వివరములన్నియు అక్కడ ఒక లైనక్సు కంప్యూటరులో నుండెడివి. వానిని కాపాడునది పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు. దానిని నెలకొల్పిన యువకుడు పనిమంతుడే. నెలకొల్పిన దినము మొదలు యంత్రము ఏడు నెలలు ఒక్కమాఱైన ఆగక నడచినది. ఇన్వర్టరు ఉండుటచే వీధిలో కరెంటు పోయినను దానికి తెలియలేదు. ఒక వేసవి రాత్రి గాలివాన వచ్చినది. బ్యాటరీ అప్పటికే నీరసించియుండెను. అర్ధరాత్రి దాటిన పిమ్మట యంత్రము ఆగిపోయినది. తెల్లవాఱి కరెంటు వచ్చినది, యంత్రము తనంతట లేచినది. తెర వెలిగినది, నెట్‌వర్కు కలిసినది, గడియారమును సరిగానే యున్నది. రోగుల వివరములు మాత్రము రాలేదు.

నేను పోవునప్పటికి పది గంటలు కావచ్చినది. చీటీలిచ్చు కిటికీనుండి వరుస వీధి గుమ్మము దాటినది. నెలనెల చక్కెరవ్యాధి మందు తీసికొనిపోవు వృద్ధులు, చంకబిడ్డలతో తల్లులు నిలుచుండిరి. లోపలి వైద్యునికి పాత రోగి ఏ మందు ఎంత మోతాదున పుచ్చుకొనుచున్నాడో తెలియదు; ఆ సంగతి యంత్రములో నున్నది. ఒక ముసలమ్మ తన మాత్ర "తెల్లది, చిన్నది" అని మాత్రమే చెప్పగలిగినది. తెల్లనివి, చిన్నవి యగు మాత్రలెన్నియో కలవు. గుమాస్తా నాతో, "మిషను వెలుగుతోందండి, పలకటం లేదు" అనెను. అంతకంటె చక్కగా రోగలక్షణము చెప్పుట నాకును చేతకాదు. అప్పటికే యెవరో డిస్కు చెడినదనియు, వివరములన్నియు నాశనమైనవనియు చెప్పి వారిని బెదరగొట్టియుండిరి.

డిస్కు చెడలేదు. ఒక్క యక్షరమును పోలేదు. డేటాబేసు నిద్రించుచుండెను, అంతే. దానిని లేపుటకు ఒక యాజ్ఞ, ఇకమీద ప్రతిమాఱు తానే లేచునట్లు చేయుటకు ఇంకొక యాజ్ఞ చాలినవి. నిమిషము పట్టలేదు. ఆ యువకుడప్పటికే వేఱొక నగరమున నుద్యోగములో చేరియుండెను. ఫోనుమీద అతడు, "అది ఎప్పుడూ నడుస్తూనే ఉండేదండీ" అనెను. నిజమే, అది ఎప్పుడును నడచుచునే యుండెను. మొదటి దినమున అతడు చేతితో లేపినాడు. అది ఏడు నెలలు మెలకువగా నున్నది. జాబితాలో మాత్రము దాని పేరు లేదు.

ఇందలి కీలకమును కొంచెము నిదానించి చెప్పవలెను. ఒక సర్వీసు ఇప్పుడు నడచుచుండుట ఒక సంగతి. వచ్చుమాఱు యంత్రము లేచినపుడు అది తనంతట లేచుట వేఱొక సంగతి. మొదటిదానికి స్టార్ట్ అను ఆజ్ఞ, రెండవదానికి ఎనేబుల్ అను ఆజ్ఞ. ఒకదానిని చేసినంతమాత్రమున రెండవది కాదు. ఎనేబుల్ చేసిన సర్వీసు ఆ క్షణమున లేవదు. డిసేబుల్ చేసిన సర్వీసు ఆ క్షణమున పండుకొనదు. యంత్రమాగువఱకు పనిచేయుచునే యుండును. క్రొత్తగా నేర్చుకొనువారు సామాన్యముగా తడబడుచోటిది. తడబడుటకు కారణమును స్పష్టమే: మన కంటికి కనబడునది నడక. జాబితా కనబడదు. నడక చూచి జాబితాలో పేరున్నదని యూహించుకొందుము. కూలిమనిషి దినదినము వచ్చుచున్నంతమాత్రమున హాజరుపట్టీలో అతని పేరున్నదని చెప్పగలమా?

యంత్రమునకు నిన్నటి జ్ఞాపకము లేదు. ఆగుటకు ముందు ఏవేవి నడచుచుండెనో అది గుర్తుంచుకొనదు. వ్రాసియున్నదానిని మాత్రమే చదువును.

ఆజ్ఞలను చెవితో విని వ్రాసికొనుట సులభము కాదని నాకు తెలియును. రెండు మూడింటిని చెప్పక తప్పదు. సిస్టమ్‌డీకి ఆజ్ఞలిచ్చు పనిముట్టు పేరు సిస్టమ్‌సీటీఎల్. దాని తరువాత ఇజ్-ఎనేబుల్డ్ అని చెప్పి సర్వీసు పేరు చేర్చిన, జాబితాలో నున్నదో లేదో చెప్పును. ఇజ్-యాక్టివ్ అనిన, ఇప్పుడు మేలుకొనియున్నదో లేదో చెప్పును. ఎనేబుల్ అను మాట తరువాత రెండు అడ్డగీతలుంచి నౌ అని చేర్చినచో రెండు పనులు నొకటేమాఱు జరుగును. ఈ నౌ అను చిన్న మాట 2015 ప్రాంతమున చేరినది. అది ముందునుండియే యుండినచో ఎన్నో రాత్రులు ఎందఱో సుఖముగా నిద్రించియుందురు.

ఈ జాబితా ఎట్లుండును? పేరులు వరుసగా వ్రాసిన కాగితమువలె నుండదు. ప్రతి సర్వీసునకును ఒక చిన్న ఫైలు కలదు. అది ఏ ప్రోగ్రామును నడపవలెనో, దేని తరువాత నడపవలెనో అందు వ్రాసియుండును. ఎనేబుల్ అనగా, మల్టీ-యూజర్ అను గమ్యమునకు చెందిన యొక డైరెక్టరీలో ఆ ఫైలునకు దారిచూపు లింకు నొకదానిని పెట్టుట. డిసేబుల్ అనగా ఆ లింకును తీసివేయుట. ఇంత మహా యంత్రములో ఎవరు లేవవలెనను నిర్ణయము కడకు ఒక డైరెక్టరీలో ఒక గుర్తుండుట, లేకుండుటమీద నిలిచియున్నది.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. మొదటి యునిక్సులలో ఆర్‌సీ అను ఒకే ఫైలుండెడిది. లేపవలసినవానిని అందు వరుసగా వ్రాసెడివారు. 1983లో వెలువడిన సిస్టమ్ ఫైవ్ యునిక్సు మార్గమునుండి రన్‌లెవెలులు, ఒక్కొక్క లెవెలునకు ఒక్కొక్క డైరెక్టరీ వచ్చెను. అందలి లింకుల పేరులు విచిత్రముగా నుండెడివి. మొదట ఎస్ అను అక్షరము, అనగా లేపుము, లేదా కే అను అక్షరము, అనగా చంపుము, పిమ్మట రెండంకెల సంఖ్య, పిమ్మట పేరు. పాత రెడ్‌హ్యాట్ యంత్రములలో నెట్‌వర్కు 10, ఎస్‌ఎస్‌హెచ్ 55, వెబ్ సర్వరు 85, వేళకు పనులు చేయు క్రాన్ 90. చిన్న సంఖ్య ముందు, పెద్ద సంఖ్య వెనుక. ఒకడు పూర్తిగా లేచి కూర్చున్న పిమ్మటనే రెండవవాని తలుపు తట్టుట. ఈ లింకులను చేతితో పెట్టుట కష్టమని చెక్‌కాన్ఫిగ్ అను పనిముట్టును తెచ్చిరి. సిలికాన్ గ్రాఫిక్సువారి ఐరిక్సులోని అదే పేరుగల యాజ్ఞ దానికి స్ఫూర్తి. డెబియనువారిది అప్‌డేట్-ఆర్‌సీ-డీ.

2010లో లెన్నార్ట్ పోటరింగ్, కే సీవర్సు అనువారు సిస్టమ్‌డీని ప్రకటించిరి. 2011లో ఫెడోరా 15 దానిని స్వీకరించినది. 2014లో డెబియను సాంకేతిక సంఘములో దీనిపై జరిగిన వాదము పురాణములలోని యుద్ధములను తలపించును. సంఘము సిస్టమ్‌డీ పక్షము వహించినది. ఒప్పనివారు విడిపోయి డెవువాన్ అను వేఱు లైనక్సును నిర్మించుకొనిరి. ఒకే ప్రోగ్రాము ఇన్ని పనులు మీద వేసికొనుట తగదని వారి యభ్యంతరము. అందు న్యాయము లేకపోలేదు. పాత పద్ధతిలో మేలుకొలుపంతయు మనము చదువుకొనగల షెల్లు వ్రాతలో నుండెడిది. ఐనను నా యనుభవమున, ఏ సర్వీసు ఎందుకు లేవలేదని యడిగినపుడు ఉత్తరము చెప్పుటలో సిస్టమ్‌డీ మేలు. పాత పద్ధతిలో లేవనివాడు నోరు విప్పకయే పడియుండెడివాడు.

సంఖ్యలు పోయి సంబంధములు వచ్చుట క్రొత్త పద్ధతిలోని పెద్ద మార్పు. నేడు సర్వీసులు వీలైనంతవఱకు ఒక్కమాఱే లేచును. వరుస ముఖ్యమైనచోట దానిని వ్రాసి చెప్పవలెను. ఇక్కడ రెండు మాటలను వేఱుగా గ్రహింపవలెను. ఆఫ్టర్ అను మాట వరుసను చెప్పును. వాంట్స్, రిక్వైర్స్ అను మాటలు అవసరమును చెప్పును. పెండ్లి విందులో సాంబారు తరువాత పెరుగు వడ్డింపుమనుట వరుస. సాంబారు లేకున్నను పెరుగు వడ్డింపవచ్చును. అన్నము లేక సాంబారు వడ్డించుట కుదరదు, అది యవసరము. సిస్టమ్‌డీ ఈ రెంటిని పూర్తిగా వేఱుంచినది. అవసరమును మాత్రము వ్రాసి వరుస వ్రాయకున్నచో అన్నము, సాంబారు ఒకటేమాఱు విస్తరిలో పడును. వరుస మాత్రము వ్రాసి యవసరము వ్రాయకున్నచో అన్నము రాకయే సాంబారు రావచ్చును.

నెట్‌వర్కు విషయమున ఈ భ్రమ మఱింత యెక్కువ. నెట్‌వర్కు టార్గెట్ తరువాత లేవుమని వ్రాసి, నెట్‌వర్కు సిద్ధమైన పిమ్మటనే లేచునని తలంతురు. ఆ గమ్యమునకు అర్థము నెట్‌వర్కు చూచువాడు లేచినాడని మాత్రమే. తీగపై చిరునామా దొరకినదని కాదు. చిరునామా దొరకువఱకు ఆగవలెనన్న నెట్‌వర్కు-ఆన్‌లైన్ అను వేఱొక గమ్యమును కోరవలెను. వాకిలి కాపలావాడు లేచుట వేఱు, వాకిలి తెఱచుట వేఱు.

డిస్కుల సంగతియు నిట్టిదే. ఎఫ్‌స్టాబ్ అను ఫైలులో ఏ డిస్కును ఎచ్చట తగిలింపవలెనో వ్రాసియుండును. నకళ్లు తీసికొనుటకై ఒక యూఎస్‌బీ డిస్కును అందు వ్రాసి, తరువాత ఎవరో దానిని ఊడదీసి బీరువాలో దాచిరనుకొందము. నడచుచున్న యంత్రమునకు చిక్కు కనబడదు. లేచునపుడు మాత్రము అది ఆ డిస్కుకొఱకు 90 సెకండ్లు ఎదురుచూచి, రాకపోగా మామూలు మేలుకొలుపును విడిచి అత్యవసర స్థితిలో నిలిచిపోవును. దూరమునుండి దాని నెవరు పిలిచినను పలుకదు. ఆ పంక్తిలో నోఫెయిల్ అను మాట యొకటి చేర్చియున్నచో, డిస్కు లేకున్నను యంత్రము తన దారిన తాను లేచిపోయెడిది.

అన్ని సర్వీసులను ఉదయముననే లేపనక్కఱలేదు. తలచినంతనే వచ్చెదనని ఘటోత్కచుడు తండ్రులకు మాట యిచ్చిపోయినట్లు, కొన్ని సర్వీసులు పిలుపు వచ్చినపుడే లేచును. పూర్వము ఇనెట్‌డీ అను నొకే ద్వారపాలకుడు అన్ని తలుపులయొద్ద వినుచుండి, ఏ తలుపు చప్పుడైన ఆ సర్వీసును లేపెడివాడు. 2005లో ఆపిల్‌వారి మాక్ ఓఎస్ 10.4తో వచ్చిన లాంచ్‌డీ ఈ యూహను మేలుకొలుపునకంతకు వర్తింపజేసినది. సిస్టమ్‌డీ దానిని చూచి నేర్చినది. తలుపులు మాత్రము సిస్టమ్‌డీ ముందే తెఱచి యుంచును. ఎవరైన వచ్చువఱకు లోపలివాడు నిద్రించును. వచ్చినవాని మాట పోదు. లోపలివాడు లేచి కన్నులు నులుముకొనువఱకు గుమ్మముననే నిలిచియుండును.

ఇందువలన నొక మెలిక కలదు. అచ్చుయంత్రము లేని యొక సర్వరులో కప్స్ సర్వీసును మీరు డిసేబుల్ చేసితిరనుకొనుడు. పిమ్మట చూచిన అది మరల మేలుకొనియుండును. సర్వీసును జాబితానుండి తీసితిరి గాని, దాని తలుపును, అనగా కప్స్ సాకెట్టును, తీయలేదు. ఆ తలుపును తట్టినవారు లోపలివానిని లేపిరి. ఎట్టి పరిస్థితిలోను ఎవరును లేపగూడదనినచో మాస్క్ అను ఆజ్ఞ కలదు. అది ఆ సర్వీసు పేరును శూన్యమునకు ముడివేయును. పిమ్మట చేతితో పిలిచినను లేవదు.

భూతము ఊరక కూర్చున్నను భయము కలదంటిని. 1988 నవంబరు 2వ తేదీన కార్నెల్ విద్యార్థి రాబర్టు మోరిస్ విడిచిన పురుగు ఇంటర్నెట్టులోని యంత్రములలో జొరబడినది. అది పట్టుకొన్న దారులలో ఒకటి ఫింగరు అను సర్వీసు. ఏ యంత్రములో ఎవరున్నారో అడిగినవారికి చెప్పుట దాని పని. ఇంకొకటి సెండ్‌మెయిల్, అందు పరీక్షకై యుంచిన మాట యొకటి మూయక విడిచిరి. ఆ యంత్రముల యజమానులలో ఎందఱు ఫింగరును కోరి లేపిరి? అది వచ్చినప్పుడే మేలుకొని వచ్చినది, అట్లే యుండిపోయినది.

అది పాతకాలపు మాట యనరాదు. 2024 సెప్టెంబరులో సిమోన్ మార్గరిటెల్లి అను ఇటలీ పరిశోధకుడు కప్స్-బ్రౌజ్డ్ అను సర్వీసులోని లోపమును బయటపెట్టెను. చుట్టుపట్ల అచ్చుయంత్రము లెక్కడున్నవో కనిపెట్టుట దాని పని. అది 631వ పోర్టునందు వినుచు, ఎవరు వచ్చి "నేను అచ్చుయంత్రమును" అనినను నమ్మెడిది. తోడి లోపములు కలిసినచో, ఎవరైన అచ్చుకు పంపినపుడు పరాయివాని యాజ్ఞ ఆ యంత్రములో నడచెడిది. లోపమును దిద్దిరి. దిద్దకముందు ఇచ్చిన సలహా మాత్రము మిక్కిలి సామాన్యమైనది: అక్కఱలేనివారు దానిని డిసేబుల్ చేయుడు. అచ్చుయంత్రమునే యెఱుగని యంత్రములలో గూడ అది వినుచు కూర్చుండుట యెవరి నిర్ణయము?

ఈ నిర్ణయము విషయమున లైనక్సు పంచిపెట్టువారిలో రెండు మతములు కలవు. డెబియనువారు, వారి ననుసరించు ఉబుంటువారు, మీరు ఒక సర్వీసును తెచ్చి పెట్టుకొంటిరనగా అది కావలెననియే గదా యని దానిని వెంటనే లేపి జాబితాలోను చేర్తురు. ఫెడోరావారు ముందుగా నొప్పుకొన్న కొన్నింటిని విడిచి, మిగిలినవానిని మీరు చెప్పువఱకు లేపరు. ఓపెన్‌బీఎస్‌డీవారు మఱింత నిష్ఠాపరులు. అడుగనిదానిని వీలైనంతవఱకు మూసియే యుంతురు. మొదటివారి పద్ధతిలో మఱచిపోయిన తలుపు తెఱచియుండును. రెండవవారి పద్ధతిలో ఆసుపత్రిలో జరిగినట్లు, కావలసినవాడు ఒకనాడు లేవకపోవును. నాకు రెండవదే ఇష్టము. లేవని సర్వీసు తెల్లవాఱగానే తెలియును. తెఱచిన తలుపు దొంగ వచ్చిపోయిన పిమ్మట గాని తెలియదు.

అట్లని కనబడినదానినెల్ల మూసివేయుటయు తగదు. త్వరగా లేపవలెనను నాశతో, ఎవరో వ్రాసిన జాబితా చూచి, పేరు నచ్చని సర్వీసులనన్నిటిని చంపువారు కొందఱున్నారు. సిస్టమ్‌డీ-అనలైజ్ అను పనిముట్టునకు బ్లేమ్ అను మాట చేర్చినచో ఏ సర్వీసు లేచుటకు ఎంతసేపు పట్టినదో వరుసగా చెప్పును. అందు నెట్‌వర్కు సిద్ధమగువఱకు ఎదురుచూచునది తఱచుగా పైన నిలుచును. పాపము, అది చేయు పనియే ఎదురుచూచుట. దానిని నిందించుట, రైలు ఆలస్యమునకు స్టేషనులో కూర్చున్నవానిని నిందించినట్లుండును. వాస్తవముగా ఎవరు ఎవరికి అడ్డుపడిరో తెలియవలెనన్న క్రిటికల్-చెయిన్ అని యడుగవలెను. ఒక సర్వీసు ఏమి చేయునో తెలియనంతవఱకు నేను దానిమీద చేయి వేయను. ముందు ఎస్‌ఎస్ అను ఆజ్ఞతో ఏయే తలుపులు తెఱచియున్నవో చూతును. తెఱచిన ప్రతి తలుపునకును కారణము చెప్పగలనా యని నన్ను నేను అడుగుకొందును. చెప్పలేనిదాని పుస్తకమును చదువుదును. అప్పటికిని అక్కఱ లేదనిపించిన మూయుదును.

జాబితానంతయు చూచునపుడు ఇంకొక సంగతి గమనింపవలెను. ఎనేబుల్డ్, డిసేబుల్డ్ అను గుర్తులేగాక స్టాటిక్ అను గుర్తును కనబడును. అట్టివి తమంతట జాబితాకెక్కవు; వేఱొకరు పిలిచిన వచ్చును. వానిని చూచి గాబరాపడనక్కఱలేదు. మఱియు కొందఱు జాబితా నొదలి పెరటి గుమ్మమున సర్వీసులను లేపుచుందురు: ఆర్‌సీ-లోకల్ అను పాత ఫైలులో నొక పంక్తి, క్రాన్ పట్టికలో రీబూట్ అను గుర్తుతో నొక పంక్తి. అవియు పనిచేయును. పది సంవత్సరముల పిమ్మట వచ్చినవాడు వెదకునపుడు మాత్రము ముందు వాకిట కనబడవు. పనిని అప్పగించిపోవువారు పెరటి గుమ్మమును గూడ చూపి పోవుట న్యాయము.

ఇన్ని చూచుకొన్నను, జాబితా సరిగా నున్నదో లేదో నిర్ణయించు పరీక్ష ఒక్కటే: యంత్రమును ఆపి, మరల లేపుట. ఏడు నెలలు, ఏడాది ఆగక నడచినదని గర్వించువారిని నేను చాలమందిని చూచితిని. ఆ గర్వము నాకు భయము పుట్టించును. అన్ని దినములుగా ఆ జాబితాను ఎవరును పరీక్షింపలేదని దానికర్థము. ఈ నడుమ చేతితో లేపినవి ఎన్నియో, మార్చినవి ఎన్నియో. గాలివాన తనకు తోచినపుడు ఈ పరీక్షను పెట్టును. మనము పెట్టినచో మన వీలునుబట్టి పెట్టవచ్చును. నేను చూచుకొను యంత్రములకు నెలకొక ఆదివారము ఉదయము ఈ పని యేర్పఱచితిని. ముందుగా నకళ్లు తీసికొందును. పిమ్మట రీబూట్ అందును. ఎటులను కెర్నెలుకు వచ్చు దిద్దుబాట్లు అమలులోనికి వచ్చుటకు సామాన్యముగా ఈ పని యవసరమే.

యంత్రము లేచిన పిమ్మట సిస్టమ్‌సీటీఎల్‌నకు ఫెయిల్డ్ అని చేర్చి యడుగుదును. లేవబోయి పడిపోయినవారి పేరులు చెప్పును. సున్న యని వచ్చినను అంతటితో తృప్తిపడను. జాబితాలోనే లేనివాడు లేవకపోవుట దాని దృష్టిలో ఓటమి కాదు. వానిని గుఱించి అది మాటయే యెత్తదు. కావున వేఱొక కంప్యూటరుయొద్దకు పోయి కూర్చుండి, మామూలు గుమాస్తావలె ఒక పాత పేరు కొట్టి, వివరము వచ్చునో లేదో చూతును. ఆదివారము గనుక కిటికీయొద్ద ఎవరును నిలిచియుండరు.